నప్పని పనే ముందు చేయండి

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగా, ప్రైవేట్ ఈక్విటీయా అని ఇరవై మూడేళ్ల పిల్లలు అడిగితే ఈ రంగంలో పెద్దవాళ్లంతా ఒకే పాట పాడతారు. నలుగురిలో చొరవగా మాట్లాడగలిగితే బ్యాంకింగ్‌కి వెళ్లమంటారు. ఒకచోట కూర్చుని లోతుగా తవ్వే స్వభావమైతే పీఈ అంటారు. ఎటూ తేల్చుకోలేకపోతే రెండేళ్లు బ్యాంకులో కష్టపడి, ఆ పేరు చూపించి ఫండులోకి దూకమంటారు. ఈ మూడు సలహాల్నీ పక్కన పెట్టేయమని నేను చెబుతాను. మీకు ఏది బొత్తిగా నప్పదనిపిస్తుందో అందులోనే మొదటి నాలుగేళ్లు పనిచేయండి. మాటకారి ఫండులో చేరాలి. అనుమానప్పక్షి బ్యాంకులో చేరాలి.

వినగానే తలకిందులుగా తోస్తుందని తెలుసు. అయినా ఈ రెండు వృత్తుల్లో నలభై దాటాక దెబ్బతిన్నవాళ్లని గమనించండి. ఆ దెబ్బ దాదాపు ఎప్పుడూ వాళ్లకి చేతగాని వైపు నుంచే తగిలి ఉంటుంది. చేతగానిది నేర్చుకోవడానికి ఇరవైల్లో ఉన్నంత వెసులుబాటు మళ్లీ దొరకదు. అప్పుడు మీరు లెక్క తప్పితే సరిచేయడానికి పైన ఇద్దరు ముగ్గురు ఉంటారు. నలభైలో ఆ పైన ఉండేది మీరే.

ముందు ఎక్కడ డబ్బు ఎలా వస్తుందో చూడండి. స్వభావాల సంగతి దాంతోనే తేలుతుంది. బ్యాంకరు కంపెనీని అమ్మిపెడతాడు, కొనిపెడతాడు, ఐపీఓకి తీసుకెళ్తాడు. టీజర్ రాయడం, ఇన్ఫర్మేషన్ మెమొరాండం తయారుచేయడం, డేటా రూమ్ తెరవడం, బిడ్లు పిలవడం, సంతకాలు చేయించడం అతని పని. ఫీజులో పెద్ద భాగం డీల్ ముగిసిన రోజున వస్తుంది. మర్నాటి నుంచి ఇంకో మాండేటు. ఫండు సంగతి వేరు. పెన్షన్ నిధులు, బీమా సంస్థలు, విశ్వవిద్యాలయాల నిధులు ఇచ్చిన సొమ్ము సాధారణంగా పదేళ్ల గడువుతో తీసుకుంటుంది. ఏటా 2 శాతం దాకా నిర్వహణ ఫీజు. పెట్టుబడిదారులకి మామూలుగా 8 శాతం రాబడి దాటాక, లాభంలో 20 శాతం వాటా. దాన్నే క్యారీ అంటారు. బ్యాంకరు పని ముగిసిన రోజునే ఫండువాళ్ల అసలు పని మొదలవుతుంది.

మాటకారులు ఫండులో చేరండి

మాట బలమున్నవాడు బ్యాంకులో చేరితే మొదటి ఏడాదే మెరుస్తాడు. పిచ్ బుక్‌లో కథ బాగా చెబుతాడు, ప్రమోటర్లు పేరుపెట్టి పిలుస్తారు, పై అధికారి మీటింగులకి వెంట తీసుకెళ్తాడు. తాను చెప్పిన కథ మూడేళ్ల తర్వాత ఏమైందో మాత్రం అతనికి ఎప్పటికీ తెలియదు. ఎవరూ అడగరు. ఇదే నన్ను భయపెట్టేది. తెలివైన పిల్లలు తమ మాటకి పర్యవసానం ఉంటుందన్న సంగతే తెలియకుండా ముప్పై ఐదేళ్లకి డైరెక్టర్లవుతున్నారు.

హైదరాబాద్‌లో కేర్ ఆసుపత్రుల చరిత్ర చూడండి. డాక్టర్ సోమరాజు, ఆయన సహచరులు 1997లో మొదలుపెట్టిన సంస్థ అది. 2012లో అమెరికన్ ఫండు అడ్వెంట్ చేతికి వచ్చింది. తర్వాత దుబాయ్ సంస్థ అబ్రాజ్ నడిపే ఆరోగ్య నిధి కొంది. 2018లో అబ్రాజే కుప్పకూలితే, 2019లో ఆ నిధి నిర్వహణ టీపీజీకి మారింది. 2023లో బ్లాక్‌స్టోన్ కొంది. ఇలాంటి ప్రతి అమ్మకంలోనూ సలహాదారులుంటారు. పని కాగానే ఫీజు తీసుకుని సెలవు తీసుకుంటారు. పడకలు ఎన్ని నిండుతున్నాయి, కార్డియాలజిస్టులు ఒప్పందం ముగిశాక ఉంటారా, బీమా కంపెనీలు ఎన్నాళ్లకి బిల్లు చెల్లిస్తున్నాయి అన్న ప్రశ్నలు మాత్రం అక్కడే ఉండిపోతాయి. మాటకారి ఆ ఉండిపోయినవాళ్ల పక్కన కూర్చోవాలి.

ఫండులో కుర్రాళ్లకి అప్పగించే పనుల్లో అందరూ తప్పించుకునేది డబ్బు పెట్టిన కంపెనీల నుంచి నెలనెలా వచ్చే లెక్కల నివేదిక, ఎంఐఎస్, చూడటం. మీరు అదే అడిగి తీసుకోండి. అందులో డెటర్స్ ఏజింగ్ అని ఒక షీటు ఉంటుంది: ఎవరు ఎంత బాకీ, ఎన్నాళ్లుగా. ముప్పై రోజుల లోపువి ఒక గడి, అరవై లోపువి ఇంకో గడి, తొంభై, నూట ఎనభై, ఆ పైన. ఫండులో కొత్తగా చేరిన ఒక మాటకారి కుర్రాడితో కలిసి ఒక పశుదాణా కంపెనీ షీట్లు వరసగా పరిచి చూశాను. కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు. ఒక డిస్ట్రిబ్యూటర్ పేరు మీద 42 లక్షలు. నవంబరులో రెండో గడి, డిసెంబరులో మూడో గడి, జనవరి ఫిబ్రవరుల్లో నాలుగో గడి. మార్చి 31 షీటులో ఆ బాకీ లేదు. ఏప్రిల్ నెలాఖరు షీటులో అదే డిస్ట్రిబ్యూటరు, అదే 42 లక్షలు, మొదటి గడిలో, కొత్త ఇన్వాయిస్ నంబరుతో. సరుకు వెనక్కి వచ్చినట్టు మార్చిలో క్రెడిట్ నోటు వేసి, ఏప్రిల్‌లో మళ్లీ అమ్మినట్టు బిల్లు కొట్టారు. రెండింటికీ లారీ రసీదు లేదు. అంటే లారీ కదలనే లేదు.

ఏడాది చివర ఆడిటైన బ్యాలెన్స్ షీటులో మార్చి 31 నాటి అంకె ఒక్కటే కనిపిస్తుంది. అమ్మిపెట్టే బ్యాంకరు ఆ అంకెతోనే చార్టు గీస్తాడు, అందులో అతని మోసమేమీ లేదు. అతనికి పన్నెండు షీట్లు వరసగా చూసే అవసరం రాదు, అంతే.

మరి ఆ కుర్రాడి మాట బలం వృథా పోయిందా? ప్రమోటరు తండ్రి వయసువాడు, ఫండు వాటా పాతిక శాతం లోపు. ఆజ్ఞాపించే హక్కు ఎవరికీ లేదు. కుర్రాడు బోర్డు మీటింగు దాకా ఆగకుండా ముందురోజే ఆయన దగ్గరికెళ్లి, "సార్, ఈ రెండింటికీ లారీ నంబర్లుంటే ఇప్పించండి, నా ఫైలు సరిచేసుకుంటాను" అన్నాడు. తప్పు పట్టినట్టు లేదు, వదిలేసినట్టూ లేదు. ఆయన కాసేపు ఆగి విషయం చెప్పేశాడు. డబ్బు చేతులు మారకముందు ఒప్పించడం ఒక విద్య. డబ్బు ఇచ్చేశాక, అధికారం లేకుండా, ఎదుటివాడి గౌరవం పోకుండా ఒప్పించడం అంతకంటే పెద్ద విద్య. ఇది బ్యాంకులో నేర్పరు.

మన దేశంలో ఈ విద్యకి ఇంకా విలువెక్కువ. అమెరికా పుస్తకాలు చదివి, ఎల్‌బీఓ మోడల్ కంఠతా పట్టి, పీఈ అంటే అప్పు తెచ్చి కంపెనీ మొత్తం కొనేయడమే అనుకుంటారు. ఇక్కడ షేర్లు కొనడానికి బ్యాంకులు అప్పివ్వడంపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు చాలాకాలం గట్టిగా ఉన్నాయి. మన కంపెనీలు చేసే కొనుగోళ్లకి బ్యాంకులు అప్పిచ్చే వీలు కల్పిస్తామని ప్రకటించింది 2025 అక్టోబరులోనే. అందుకే ఇక్కడి ఫండ్లు ఎన్నో ఏళ్లు మైనారిటీ వాటాలతోనే నెట్టుకొచ్చాయి. వార్‌బర్గ్ పింకస్ 1999 నుంచి భారతీ టెలికాంలో దాదాపు 30 కోట్ల డాలర్లు పెట్టి, 2005 నాటికి విడతలుగా అమ్ముకుని 150 కోట్లకి పైగా తీసుకెళ్లింది. పగ్గాలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా మిత్తల్ కుటుంబం చేతిలోనే ఉన్నాయి.

అనుమానప్పక్షులు బ్యాంకులో చేరండి

ప్రతిదానికీ "అయితే ఇది ఎలా సాధ్యం?" అనేవాళ్లు పీఈలో చేరితే హాయిగా ఉంటుంది. ఆ హాయే ప్రమాదం. ఫండు ముందుకి ఏటా వందల ప్రతిపాదనలు వస్తాయి, డబ్బు పెట్టేది పట్టుమని పదింటిలో కూడా కాదు. "వద్దు" అన్నవాడి మాట ఎక్కువసార్లు నిజమే అవుతుంది, ఎందుకంటే ఎక్కువ వాటికి జవాబు ఎలాగూ వద్దనే. ఆ వద్దుల్లో మంచివెన్ని చేజారాయో లెక్కగట్టేవాళ్లుండరు. అలా ఏళ్ల తరబడి వివేకిగా పేరు తెచ్చుకుని, ఒక్క పనీ ఆది నుంచి అంతం దాకా నడిపించడం రాకుండా మిగిలిపోయినవాళ్లున్నారు. వాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. తెలివికి కొదవలేదు, పూర్తిచేయడం అలవాటు కాలేదు.

అలాంటివాళ్లకి బ్యాంకులో గడువులుంటాయి. ఐపీఓ ముసాయిదా మీద లాయర్లతో కూర్చునే గదిలోకి వాళ్లని పంపండి. కంపెనీ "దేశంలోనే అగ్రగామి తయారీదారు" అని రాసుకొస్తుంది. ఏ నివేదిక ప్రకారం, ఏ ఏడాది, ఏ విభాగంలో అని ఒకరు అడగాలి. దానికి ఆధారం సంపాదించాలి, లేదంటే ఆ మాట కొట్టేసి ఒప్పుకోదగ్గ ఇంకో వాక్యం అదే రాత్రి రాసివ్వాలి. మర్చంట్ బ్యాంకరు సెబీకి డ్యూ డిలిజెన్స్ సర్టిఫికెట్ ఇస్తాడు కాబట్టి ఆ వాక్యానికి బాధ్యత తనది కూడా. అక్కడ "ఇది నమ్మను" అని చేతులు కట్టుకుంటే కుదరదు. నమ్మదగ్గది ఏదో తేల్చాలి. అనుమానానికి చేతులూ కాళ్లూ వచ్చేది ఆ గదిలోనే.

బ్యాంకులో అనుమానించేవాడికి చోటు లేదనేవాళ్లకి సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుచేస్తాను. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకి కొనడానికి ఒప్పుకుంది. మదుపరులు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఆ నెలాఖరులో సత్యం సలహాదారుగా డీఎస్‌పీ మెరిల్ లించ్‌ని పెట్టుకుంది. లెక్కలు చూడటం మొదలుపెట్టిన కొద్ది రోజులకే, జనవరి మొదటి వారంలో, తీవ్రమైన అవకతవకలు కనిపించాయంటూ ఆ బ్యాంకు తప్పుకుంది. జనవరి 7న రామలింగరాజు ఒప్పుకోలు లేఖ వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరు 58 రూపాయల ధరకి గెలుచుకుంది. ఏళ్ల తరబడి ఆడిటర్లు సంతకాలు పెట్టిన పుస్తకాల దగ్గర, ఫీజు కోసం వచ్చినవాళ్లు రోజుల్లో ఆగిపోయారు. ఆ టీములో ఉన్న కుర్ర అనలిస్టు ఎవరో గానీ, వాళ్లకి దక్కిన చదువు ఏ ఫండులోనూ దక్కేది కాదు.

ఇప్పుడు ఇలాంటివాళ్ల అవసరం మరీ ఎక్కువగా ఉన్నది చిన్న కంపెనీల ఐపీఓల్లో. 2024 ఆగస్టులో రెండు షోరూములు, ఎనిమిది మంది ఉద్యోగులు ఉన్న ఒక ఢిల్లీ బైకుల డీలరు 12 కోట్లు అడిగితే 4,800 కోట్ల దాకా బిడ్లు వచ్చాయి. ఆ తర్వాత సెబీ నిబంధనలు బిగించింది: మూడేళ్లలో కనీసం రెండేళ్లు కోటి రూపాయల నిర్వహణ లాభం చూపించాలి. నిబంధన మంచిదే, దాన్ని గోదాము దాకా వెళ్లి అమలుచేయడానికి మనుషులు కావాలి. అనుమానప్పక్షులారా, మీరు కావాలి.

రెండేళ్ల దారి పట్టకండి

కేకేఆర్ స్థాపకులు ముగ్గురూ బేర్ స్టెర్న్స్ నుంచి వచ్చారు, బ్లాక్‌స్టోన్ పెట్టిన ష్వార్జ్‌మన్ లేమన్ నుంచి వచ్చాడు, కాబట్టి బ్యాంకు మీదుగా ఫండుకి వెళ్లడమే రాజమార్గం అని సీనియర్లు చెబుతారు. తేదీలు చూడండి. ఆ ముగ్గురిలో ఒకడైన కోల్‌బర్గ్ 1976లో కేకేఆర్ పెట్టేనాటికి బేర్ స్టెర్న్స్‌లో రెండు దశాబ్దాలు పనిచేశాడు. ష్వార్జ్‌మన్ 1972లో లేమన్‌లో చేరి, బ్లాక్‌స్టోన్ పెట్టింది 1985లో. వాళ్లెవరూ రెండేళ్లలో గెంతలేదు.

న్యూయార్క్‌లో ఈ రెండేళ్ల గెంతు ఎంతవరకూ వెళ్లిందంటే, బ్యాంకులో చేరిన కొద్ది నెలలకే, కొన్నిసార్లు చేరకముందే, రెండేళ్ల తర్వాతి ఉద్యోగానికి ఫండ్లు ఇంటర్వ్యూలు పెట్టేవి. 2025లో జేపీ మోర్గాన్ కొత్త అనలిస్టులకి గట్టిగా చెప్పింది: మొదటి 18 నెలల్లో బయట ఇంకో ఆఫర్ ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. వెంటనే అపోలో అనే పీఈ సంస్థ ఆ ఏడాదికి ముందస్తు నియామకాలు ఆపేసింది. బ్యాంకు తన స్వార్థం కోసమే చేసి ఉండొచ్చు, అయినా పిల్లలకి మేలే చేసింది. ఒక్క డీల్ కూడా చివరిదాకా చూడని మనిషి ఫండుకి ఏం పట్టుకెళ్తాడు? ముందస్తు ఆఫర్ వస్తే వదిలేయండి. ఇలా చెబితే అమ్మానాన్నలు నా మీద కోప్పడతారని తెలుసు.

పని గంటల కోసం ఫండుకి మారడం కూడా మానుకోండి. గోల్డ్‌మన్ శాక్స్‌లో 13 మంది మొదటి ఏడాది అనలిస్టులు 2021లో తయారుచేసిన నివేదికలో వారానికి సగటున 95 గంటల పని, రాత్రికి ఐదు గంటల నిద్ర అని ఉంది. ఆ ఆగస్టు నాటికి వాళ్ల మూల వేతనం 1,10,000 డాలర్లకి పెరిగింది. వాళ్లు అడిగింది ప్రధానంగా నిద్ర. గంటలు తగ్గించుకునే దారి రంగం మార్చడంలో లేదు. రేపు పొద్దున ఎవరూ తెరవని పేజీ ఏదో గుర్తించి, "ఇది అవసరమా అండీ?" అని రాత్రి పదింటికే అడగగలగడంలో ఉంది. మొదట్లో మాట పడతారు. పడండి. ఆరోగ్యం పోయాక ఏ బోనసూ దాన్ని తిరిగి తేలేదు.

ముసలి ఫండు, చిన్న బ్యాంకు

ఫండు ఎంచుకునేటప్పుడు ఇప్పుడే డబ్బు సమీకరించిన కొత్త ఫండుని అందరూ కోరుకుంటారు. మీరు ఏడో ఏట, ఎనిమిదో ఏట ఉన్న ఫండుని వెతకండి. కొనుగోళ్లు అయిపోయి, అమ్మలేక మిగిలినవి చేతిలో ఉంటాయి. క్యారీ వచ్చే ఆశ లేదని సీనియర్లు కొందరు వెళ్లిపోయి ఉంటారు. మీకైతే మొదట్లో క్యారీ ఎలాగూ ఇవ్వరు, ఇచ్చినా ఏళ్ల మీద విడతలుగా చేతికొస్తుంది. వెళ్లిపోయినవాళ్ల పని అంతా మీ బల్ల మీదకి వస్తుంది. ఎందుకు అమ్ముడుపోలేదో తెలుసుకోవడమే ఎలా కొనకూడదో తెలుసుకోవడం. టెక్సస్ విద్యుత్ సంస్థ టీఎక్స్‌యూని 2007లో దాదాపు 4,500 కోట్ల డాలర్లకి కేకేఆర్, టీపీజీ, గోల్డ్‌మన్ కొన్నాయి. సహజ వాయువు ధర ఎక్కువగానే ఉంటుందన్నది ఆ మోడల్‌కి ఆధారం. షేల్ గ్యాస్ పొంగి ధర పడింది, 2014 ఏప్రిల్‌లో కంపెనీ దివాలా తీసింది. 2007లో ఆ మోడల్‌లో గ్యాస్ ధర గడిలో అంకె వేసినవాళ్ల కంటే 2012లో దాన్ని ముందేసుకుని కూర్చున్నవాళ్లు ఎక్కువ నేర్చుకుని ఉంటారు.

బ్యాంకు విషయంలో పేరు చూడకండి. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ప్రపంచ బ్యాంకుల బోర్డులు వరసగా ఉన్నాయి. "మావాడు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో" అని చెప్పే ఇళ్లలో చాలాచోట్ల పిల్లలు చేసేది కేవైసీ తనిఖీ, సెటిల్‌మెంట్లు, రిపోర్టింగు. అవి గౌరవమైన పనులే, డీల్ పనులు మాత్రం కావు. డీల్ టీముకే పనిచేసే వాళ్లకి కూడా న్యూయార్క్ నుంచి సాయంత్రం పేజీలు వస్తాయి, తెల్లారేసరికి పూర్తయి వెళ్లిపోతాయి. ప్రమోటరు ముఖం ఎలా ఉంటుందో వాళ్లకి తెలియదు. ఇరవై మంది కూడా లేని చిన్న మర్చంట్ బ్యాంకింగ్ ఆఫీసులో, సగం జీతానికైనా చేరండి. అక్కడ మీరే బాలానగర్ ఫ్యాక్టరీకి వెళ్లాలి, మీరే జీఎస్టీ రిటర్నులు పుస్తకాలతో సరిపోల్చాలి, మీరే ప్రమోటరు బావమరిది అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పాలి.

ఇంటర్వ్యూలో

"ఇదే ఎందుకు?" అంటే దాచకుండా చెప్పండి: "నాకు ఇది నప్పదు కాబట్టే వచ్చానండి. నాకు మాట్లాడటం వచ్చు, వేచి ఉండటం రాదు" అనో, "అనుమానించడం వచ్చు, ముగించడం రాదు" అనో. చాలాచోట్ల తలుపు మూసుకుంటుంది. తెరుచుకున్న చోట మీకు నేర్పే మనిషి ఉన్నాడని గుర్తు. తిరిగి మీరు అడగాల్సింది ఒకటే: ఈమధ్య చెడిపోయిన డీల్ గురించి చెప్పండి అని. చెప్పగలిగినవాడి కింద చేరండి. చేరాక, ఎవరూ వద్దనే ఆ చెడిపోయిన డీల్ ఫైళ్లు అడిగి తీసుకుని వారాంతాల్లో చదవండి.

నాలుగేళ్లయ్యాక మీకు నప్పే రెండో పనికి మారిపోవచ్చు, అప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ సలహా వర్తించనిది ఒక్కరికే: ఇంటి మీద చదువు అప్పో, చెల్లి పెళ్లి అప్పో ఉన్నవాళ్లకి. వాళ్లు స్వభావం సంగతి పక్కన పెట్టి, ప్రతి ఏడూ చేతికి నగదు ఎక్కువ ఇచ్చే చోట చేరాలి. ఎక్కువసార్లు అది బ్యాంకే, ఎందుకంటే అక్కడ బోనస్ ఆ ఏడాదే చేతికొస్తుంది. ఫండువాళ్లు క్యారీ కలిపి చెప్పే మొత్తాన్ని లెక్కలోకి తీసుకోకండి, నెల జీతం, బోనస్ ఎంతో విడిగా కాగితం మీద రాయించుకోండి. అప్పు తీరాక నాలుగేళ్ల లెక్క మొదలుపెట్టండి.